వార్డెన్ సంతకం

వైరస్ కణంలోకి దూరకుండా ఆపాలంటే, దాని వేషం వేసిన బొమ్మని ఒంటికి ముందే చూపించొచ్చు. గార్డాసిల్ టీకా చేసే పని అదే. ఈస్ట్‌లో తయారైన ఎల్1 ప్రొటీన్ దానంతటదే గుండ్రటి గుల్లగా అల్లుకుంటుంది. సైజు 55 నానోమీటర్ల దాకా. పైకి అచ్చం హెచ్‌పీవీ వైరసే, లోపల జన్యువు ఉండదు. ఆ గుల్లని చూసి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు, రేపు అసలు వైరస్ వస్తే కణాన్ని అంటుకోకముందే పట్టుకుంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని మొదట్లోనే ఆపే ఉపాయం ఇది.

2009లో ఇది మా వరంగల్ పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాకి వచ్చింది. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10–14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేయించాయి. వాళ్లలో హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు చాలామంది. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇంకో సంగతి బయటపెట్టింది: ఇక్కడి 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలు.

టీకా మంచిదే కదా, సంతకం ఎవరిదైతేనేం అంటారు కొందరు. ఈ వాదనని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ పిల్లలకి పెద్దయ్యాక స్క్రీనింగ్ పరీక్ష దొరకడమే కష్టం. అడవి పక్క ఊళ్లో ఉన్న అమ్మానాన్నల దాకా వెళ్లడానికి రోజులు పడుతుంది. వార్డెన్ పిల్లలకి అన్నం పెడతాడు, సెలవు ఇస్తాడు. ఇదీ ఆయనే చూసుకుంటే తప్పేంటి?

తప్పుంది. జబ్బు పడ్డవాడు నొప్పి తగ్గాలని మందుకి ఒప్పుకుంటాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఆ తొందర లేదు. ఎప్పుడో రాబోయే జబ్బు కోసం ఇవాళ సూది వేయించుకోవాలంటే ఆమెకీ ఇంటివాళ్లకీ కావాల్సింది నమ్మకం. అది గుల్లలో ఉండదు, అడగడంలో ఉంటుంది. మేం తయారుచేసే యాప్‌లలో ‘అంగీకరిస్తున్నాను’ బటన్‌ని చదవకుండానే నొక్కేస్తారని మాకూ తెలుసు. అయినా నొక్కేది వాడేవాళ్ల వేలే.

అలాగని సంతకం తప్పు గనక టీకా కూడా చెడ్డదే అనుకోవడమూ అన్యాయమే. ఆ శిక్ష పడేది మళ్లీ ఆ పిల్లలకే. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల ఆడపిల్లలకి ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. మంచిదే. ఈసారి హాస్టల్ నుంచి ఊరికి పోయొచ్చే బస్సు చార్జీ కూడా డోసు ఖర్చులోనే రాయాలి.