నా లాగిన్‌లో రాదు

క్లౌడ్‌లో ఒక డేటాబేస్ పెట్టడం ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోయే పని. పోస్ట్‌గ్రెస్ కావాలా మైఎస్‌క్యూఎల్ కావాలా, మెమరీ ఎంత, డిస్కు ఎంత, రోజువారీ బ్యాకప్‌లు ఎన్నాళ్ళు దాచాలి (అమెజాన్ ఆర్‌డీఎస్‌లో అయితే గరిష్ఠం 35 రోజులు), ఒక డేటా సెంటర్ పడిపోతే ఇంకోటి అందుకోవాలా, పొరపాటున ఎవరూ మొత్తం తుడిచెయ్యకుండా గొళ్ళెం పెట్టాలా. అన్నీ స్క్రీన్ మీద టిక్కులే. ఒకప్పుడు సర్వర్ రూములో ఏసీ నడుస్తోందో లేదో చూసుకుంటూ మనుషులు చేసిన పనులు చాలావరకు ఇప్పుడు అద్దెతో పాటే వచ్చేస్తున్నాయి. అద్దెతో రానిది ఒకటుంది. ఎవరికి ఏ అధికారం ఇవ్వాలన్నది మనమే తేల్చుకోవాలి.

ఇందులో మాకు ఎక్కాల్లా నేర్పే సూత్రం ఒకటుంది. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు 1975లో రాసిన వ్యాసంలో, కంప్యూటర్లో సమాచారాన్ని కాపాడ్డానికి ఎనిమిది సూత్రాలు చెప్పారు. అందులో ఒకటి: ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా తన పని చేసుకోడానికి కావలసినంత అధికారమే ఇవ్వాలి, రవ్వంత కూడా ఎక్కువ వద్దు. కనీసాధికారం అందాం. రిపోర్టులు తీసేవాడికి చదివే హక్కు చాలు. దరఖాస్తులు ఎక్కించేవాడికి కొత్త వరుస చేర్చే హక్కు చాలు, ఉన్నదాన్ని మార్చే హక్కు అక్కర్లేదు. టేబుళ్ళ నిర్మాణం మార్చే హక్కు ఇంకో ఖాతాకి, అదీ ఆ పని జరిగే గంటసేపే.

ఎందుకింత బిగింపు అంటే, 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడాలి. ఒక ఇంజనీరు మొరాయిస్తున్న రెండో సర్వర్లో డేటా ఫోల్డర్ ఖాళీ చేస్తున్నాననుకుని అసలు సర్వర్లో చేశాడు. ఒకట్రెండు సెకన్లలోనే తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ తీస్తున్నామనుకున్నవి వెర్షన్ల తేడా వల్ల అసలు రావడమే లేదు. రావడం లేదని చెప్పే ఈమెయిళ్ళు కూడా ఎవరికీ అందడం లేదు. ఆరు గంటల పాత నకలు ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఇంజనీరును ముందుకు నెట్టెయ్యకుండా, తమ ఏర్పాట్లలోని లోపాలన్నీ వాళ్ళే బయటపెట్టుకున్నారు, రికవరీ పనిని యూట్యూబులో చూపించారు. ఆ పెద్దమనిషి తరహా నాకు చాలా నచ్చుతుంది. ఈ కథ తెలిసినవాళ్ళెవరికీ కనీసాధికారం మీద అనుమానం రాదు. నాకూ లేదు. నా ఇబ్బంది, ఆ సూత్రం కౌంటరుకి ఇవతలివైపు నిలబడ్డ మనిషికి ఎలా కనిపిస్తుందన్న దగ్గర.

మా పెదనాయనది ఆదోని, ఎమ్మిగనూరు మధ్యలో ఒక ఊరు. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది వదిలేద్దాం. నాలుగెకరాల పన్నెండు సెంట్ల వర్షాధారం భూమిలో పత్తి వేస్తాడు. ఆన్‌లైన్ రికార్డులో అది ఒక ఎకరా పన్నెండు సెంట్లని పడింది. 4కి బదులు 1. పంట నమోదు ఆ రికార్డు మీద ఆధారపడుతుంది, ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ఎకరాకింత అని తీసుకునేది ఆ పంట నమోదును బట్టి. 2025-26 సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. ఎకరా పత్తికి ఆ ధర, మిగతా మూడెకరాల పత్తి ఆదోని మండీలో సావుకారు చెప్పిన ధర. తేడా ఎంతో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన నన్ను అడిగింది వేరే.

కౌంటరు దగ్గరి పాప చెప్పిందట: "నా లాగిన్‌లో ఎడిట్ రాదు పెద్దాయనా, పైకి పంపల్ల." పంపింది కూడా. పైన అడిగితే ఇది జిల్లా లాగిన్‌లో మారాలన్నారు. కర్నూలు మా వైపు నుంచి వందకి కాస్త అటూ ఇటూ కిలోమీటర్లు. నాలుగోసారి తిరిగొచ్చాక ఫోన్ చేశాడు. "ఒరేయ్, నువ్వుండేది ఆ కంప్యూటర్లలోనే గదా. ఆ పాప అబద్ధం చెప్తాందా?"

"లేదు పెదనాయనా, నిజమే చెప్పింది."

"పైనోడు?"

"ఆయనా నిజమే చెప్పింటాడు."

"అందరూ నిజమే చెప్తాంటే నా మూడెకరాలు యాడికి పాయరా?"

ఈ ప్రశ్నకి నా వృత్తిలో జవాబు లేదు. ఆ పాపకి ఇచ్చిన ఖాతాకి చదివే హక్కు, అర్జీ చేర్చే హక్కు మాత్రమే ఉంటాయి. అది సరైన పద్ధతే. పైవాళ్ళకి తమ మండలం మేరకే. ఆ పైన సాఫ్ట్‌వేర్ నడిపే కాంట్రాక్టు మనిషి ఉంటాడు. టికెట్ లేకుండా, ఆమోదం లేకుండా అసలు డేటా ముట్టుకోకూడదు. మరి డేటాబేస్ పెట్టినవాడి చేతిలోనైనా మొత్తం ఉంటుందా అంటే, ఆర్‌డీఎస్‌లో మాస్టర్ యూజర్ అని మనకిచ్చేది కూడా పూర్తి అధికారమున్న సూపర్‌యూజర్ కాదు. కాస్త తగ్గించిన అవతారం. ఆ యంత్రం లోపలికి మనం పోలేం. అద్దెకిచ్చిన కంపెనీ వాళ్ళు పోగలరు గానీ, మన డేటాలో ఏముందో వాళ్ళు చూడకూడదు. ఇలా మెట్టు మెట్టుకీ ఎక్కుతూ పోతే చివరి మెట్టు మీద ఎవరూ కూర్చుని ఉండరు. హానా ఆరెంట్ బ్యూరోక్రసీని ఎవరూ పాలించని పాలన అంది, జవాబు చెప్పేవాడు లేకపోవడం వల్లే దాన్ని నిరంకుశత్వాల్లో చెడ్డదిగా లెక్కగట్టింది. ఆమె చూసింది కాగితాల కాలం. అందులో కనీసం గుమాస్తా కావాలని తొక్కిపట్టాడేమో అని అనుమానించే వీలుండేది.

నాకు ముఖ్యమనిపించేది ఈ తేడానే. "నా చేతుల్లో ఏముందయ్యా" అనేది మన ఆఫీసుల్లో పాత మాటే. వెనకటికి ఆ మాట చాలాసార్లు అబద్ధం. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అందుకే బతిమాలడానికో, గొడవపడ్డానికో, ఖర్మ కాలితే చెయ్యి తడపడానికో చోటుండేది. ఇప్పుడా మాట నిజమైంది. నిజంతో గొడవ ఎలా పడతాం? మన కథల్లో కరణం ఎన్నిసార్లు దుర్మార్గుడిగా వచ్చాడో లెక్కలేదు. 'పర్మిషన్ డినైడ్'ని దుర్మార్గుడిగా పెట్టి ఒక మంచి కథ రాయమంటే మన రచయితలు ఏం చేస్తారో చూడాలని ఉంది.

కరణాల్ని తలుచుకుని నిట్టూర్చే ఉద్దేశం నాకు లేదు. వంశపారంపర్యంగా లెక్క రాసే కులాలు, రాయించుకునే కులాలు అన్న విభజన ఎవరి పొట్ట కొట్టిందో తెలిసిందే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు సంతోషించినవాళ్ళకి కారణాలున్నాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తప్పు సరిదిద్దడానికీ, ఒప్పుని తారుమారు చెయ్యడానికీ డేటాబేస్‌లో కమాండు ఒకటే: అప్‌డేట్. 1ని 4 చేసే హక్కు ఆ పాపకి ఇస్తే, పక్కవాడి 4ని 1 చేసే హక్కూ ఇచ్చినట్టే. ఆ వాక్యం రాసేది న్యాయం కోసమా డబ్బు కోసమా అన్నది పోస్ట్‌గ్రెస్‌కి తెలియదు.

మా ప్రాంతంలో ఈ పాటి డేటాబేస్ మొదట కట్టినవాడు థామస్ మన్రో. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాక ఏడేళ్ళు వాటికి ప్రధాన కలెక్టరు. అప్పుడు కర్నూలు నవాబు కిందే ఉంది గానీ ఆదోని దత్తమండలాల్లోదే. మధ్యలో జమీందార్లు లేకుండా ప్రతి పొలం కొలిచి, ప్రతి రైతు పేరూ విడిగా ఎక్కించి పట్టా ఇవ్వడం రైత్వారీ. మాకు తెలిసిన భాషలో చెప్తే పొలానికో వరుస. వేసిన శిస్తు భారీగానే ఉంది. అది ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోనే రాశాడు. నాకు ఆసక్తి కలిగించేది జమాబందీ. ఏటా అధికారి వచ్చి కూర్చుని, లెక్క తీసి, ఎవరికి ఎంతో తేల్చి పట్టాలివ్వాలి. కోపమున్నవాడు అక్కడే నిలబడి అడగొచ్చు. మన్రో ఏడాదిలో చాలాకాలం డేరాల్లోనే తిరిగాడు. 1827లో మద్రాసు గవర్నరుగా ఈ వైపు పర్యటనకు వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.

మంత్రాలయం కథ మా వైపు తెలియనివాళ్ళుండరు. మఠం మాన్యాన్ని ప్రభుత్వం తిరిగి తీసుకోవాలా అన్న తకరారు వచ్చిందని, మన్రో స్వయంగా వెళ్ళాడని, రాఘవేంద్రస్వామి ఆయనకి మాత్రమే కనిపించి మాట్లాడారని, మాన్యం నిలిచిందని. నమ్మకం సంగతి ఎవరిది వాళ్ళది. నాకు ఆ కథ రికార్డుల కథగా వినిపిస్తుంది. వరుసని కొట్టెయ్యగల అధికారి వరుస దగ్గరికే నడిచొచ్చాడు, ఆ వరుసలో ఉన్నవారు లేచొచ్చి తన మాట తాను చెప్పుకున్నారు. భక్తులు ఇన్నేళ్ళుగా దాన్ని చెప్పుకోవడంలో, లెక్క రాసేవాడికీ లెక్కలో పడ్డవాడికీ ఒకసారైనా ముఖాముఖి దొరకాలన్న కోరిక కూడా ఉందేమో.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సహకార సంఘం అన్నదాంట్లో లెక్కల పుస్తకం నేతగాళ్ళదే, సర్వసభ్య సమావేశంలో లేచి అడగొచ్చు. అడిగిన ప్రతిసారీ జవాబు దొరుకుతుందని చెప్పను. అడిగే చోటు అంటూ ఒకటి ఏర్పాటులోనే ఉంది.

ఆ చోటు తీసేస్తే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. 2020 చట్టంతో రెవెన్యూ కోర్టుల్ని ఎత్తేశారు, అదే ఏడాది అక్టోబరు 29న ధరణి మొదలైంది. ఉద్దేశం అర్థమవుతుంది. కింది అధికారి చేతిలో దిద్దే కలం ఉంటేనే కదా లంచం. కలం తీసేశారు. కానీ తప్పులు కలంతో పాటు పోలేదు, లోపలే ఉండిపోయాయి. దిద్దుకోవాలంటే సివిల్ కోర్టుకి పొమ్మన్నారు. రెండెకరాల రైతుకి సివిల్ కోర్టు అంటే ఏమిటో వివరించక్కర్లేదు. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలో అప్పీలుకి మళ్ళీ దారి పెట్టాల్సొచ్చింది.

సాల్ట్‌జర్, ష్రోడర్ల సూత్రాన్ని నేను తప్పు పట్టను. పనికి కావలసినంతే ఇవ్వమన్నారు. పని ఏమిటో ఎవరు నిర్ణయిస్తారన్నదే తగువు. ఆ కౌంటరు పాప పని రికార్డు చదివి వినిపించడమే అనుకుంటే ఆమెకున్న హక్కులు చాలు. వచ్చిన మనిషి మాట వినడం కూడా ఆమె పనే అనుకుంటే చాలవు. అప్‌డేట్ ఇవ్వమనను. ఆ వరుసకే అతికి ఉండే ఆక్షేపణ ఒకటి చేర్చే హక్కు ఇవ్వాలి. ఇప్పుడు అర్జీ వేరే టేబుల్లో ఎక్కడో ఉంటుంది, పత్తి కొనే కేంద్రంలో వరుస తెరిచినవాడికి అది కనిపించదు. కనిపించాలి: 1.12 ఎకరాలు, రైతు 4.12 అంటున్నాడు, ఫలానా తేదీ నుంచి. అసలు అంకె మారదు, కాబట్టి తారుమారు భయం లేదు. ఇంకోటి, మా ఆడిట్ లాగుల్లో ఎవరు ఏది మార్చారో సెకనుతో సహా ఉంటుంది. మార్చగలిగి ఉండీ మార్చకుండా ఊరుకున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. నాలుగుసార్లు వచ్చి వెళ్ళిన ముసలాయనకి ఆ డేటాబేస్‌లో ఆనవాలే లేదు.

దీనికీ ఒక గండం ఉంది. 2017లో తెలంగాణలో భూరికార్డులు ప్రక్షాళన చేసినప్పుడు తగువున్న భూముల్ని పార్ట్-బి అని విడిగా పెట్టారు. ఆ గుర్తు పడ్డ భూమికి పాస్ పుస్తకం రాలేదు, రైతుబంధు రాలేదు, ఏళ్ళు గడిచాయి. ఆక్షేపణ అన్నది చివరికి ఆక్షేపించినవాడికే ఉరి కావచ్చు. గిట్టనివాడు పక్కింటి పొలం మీద ఒకటి పడేసి పెళ్ళి ఖర్చుకి అమ్ముకోకుండా ఆపనూ వచ్చు. అందుకని ఆక్షేపణ తేలేదాకా ఏ అంకె చెల్లాలన్నది ముందే రాసిపెట్టాలి, అన్నిటికీ ఒకటే జవాబు కుదరదు. నా మటుకు నేను, పత్తి కొనడానికి రైతు చెప్పిన అంకె చెల్లాలంటాను. తప్పని తేలితే ప్రభుత్వానికి పోయేది కొన్ని క్వింటాళ్ళ మీద ధర తేడా, దాన్ని తర్వాత రాబట్టుకోవచ్చు. అమ్మకం రిజిస్ట్రేషన్‌కి మాత్రం చెల్లకూడదు, అక్కడ పొరపాటైతే పోయేది ఇంకొకరి నేల. ఈ రెండూ స్కీమాలో రెండు డిఫాల్ట్ విలువలు. డిజైన్ మీటింగులో వీటికి ఎవరూ పట్టుమని రెండు నిమిషాలు కేటాయించరు, నేను చూసినంతలో.

పెదనాయన అర్జీ నంబరు నా దగ్గరుంది. ఇది రాస్తూ మళ్ళీ ఒకసారి చూశాను. పెండింగ్ అని వస్తోంది. ఎవరి దగ్గర పెండింగో చెప్పే గడి ఆ పేజీలో లేదు.