కడసారి చూపుల రాక్షసులు

1808 సెప్టెంబరులో స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ దీవుల్లోని స్ట్రాన్సే తీరానికి ఒక కళేబరం కొట్టుకొచ్చింది. కొలిచినవాళ్లు పొడవు 55 అడుగులన్నారు. తల చిన్నది. మెడ సన్నగా, బారుగా ఉంది. వీపు పొడుగునా గుర్రపు జూలులాంటి వెంట్రుకలు. కాళ్లు ఆరు. దాన్ని చూసిన ఊరివాళ్లు అధికారుల ముందు ప్రమాణం చేసి మరీ సాక్ష్యం చెప్పారు. ఎడిన్‌బరోలోని ప్రకృతి శాస్త్ర సంఘంవారు ఆ విడ్డూరానికి హాల్సిడ్రస్ పొంటోపిడానీ అని ఓ లాటిన్ పేరు కూడా పెట్టేశారు. ఈలోగా లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే శస్త్రవైద్యుడు దాని అవశేషాలు పరిశీలించి, ఇది బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర అని తేల్చాడు.

ఇలాంటి కథలను మనం సాధారణంగా అక్కడితో ముగిస్తాం. రాక్షసి అన్నారు, చేప అని తేలింది, అమాయకులు భయపడ్డారు, చదువుకున్నవాడు నిజం చెప్పాడు. నాకు మాత్రం ఆ సాక్షుల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. కొలతలో కొంత ఎక్కువ పోయారేమో గానీ, చూసినదాని గురించి వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు.

బాస్కింగ్ షార్క్ పది మీటర్లు దాటి పెరిగే చేప. పెద్ద నోరు తెరుచుకుని నీటిలోని సన్నసన్న జీవులను వడపోసుకుంటూ తిరుగుతుంది, మనిషి జోలికి రాదు. చచ్చి కుళ్లేటప్పుడు దాని దవడలూ మొప్పల చట్రమూ ముందుగా ఊడిపోతాయి. మిగిలేది చిన్న పుర్రె, దాని వెనక బారుగా వెన్నెముక. అదే ‘మెడ’. రెక్కలు శిథిలమై పీచు తేలితే అది ‘జూలు’. కింద రెండు జతల రెక్కలు, మగచేప అయితే పొట్ట దగ్గర మరో జత అంగాలు, వెరసి ఆరు ‘కాళ్లు’. సాక్షులు చెప్పిన ప్రతి వివరమూ ఆ శవం మీద ఉంది. లేనిదల్లా ఆ శవానికి ముందున్న జీవి. అది బతికున్నప్పుడు వాళ్లు చూడలేదు, కనుక శవం ఆకారాన్నే ప్రాణి ఆకారం అనుకున్నారు. 1977లో న్యూజీలాండ్ దగ్గర జుయియో మారు అనే జపాన్ పడవ వలలో పడ్డ కళేబరం కథా ఇదే. పొడవాటి మెడ చూసి, కోట్ల ఏళ్ల కిందట అంతరించిన ప్లీసియోసార్ అనే సముద్ర సరీసృపం బతికే ఉందని పత్రికలు గోల చేశాయి. రెక్కల పీచు నమూనాలను పరీక్షిస్తే అవీ బాస్కింగ్ షార్క్‌వైపే చూపించాయి.

సముద్ర రాక్షసుల ముచ్చట వచ్చినప్పుడు అందరూ అడిగేది ‘అది ఏ జంతువు’ అని. ఆ ప్రశ్నకు జవాబులు చాలామట్టుకు దొరికాయి. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి: చూసినవాళ్లు దాన్ని ఏ స్థితిలో చూశారు? ఈ ప్రశ్నతో పాత కథలను మళ్లీ చదివితే ఒకే దృశ్యం పదేపదే ఎదురవుతుంది. మనిషి లోతు సముద్రపు జీవిని కలుసుకున్నది, తరచుగా, అది చచ్చిపోయాకో చచ్చిపోతుండగానో.

కథల్లో ఓడలను ముంచే సముద్రరాక్షసి క్రాకెన్ వెనక ఉన్న జంతువుగా అందరూ చెప్పే భారీ స్క్విడ్‌నే తీసుకుందాం. అది వందల మీటర్ల లోతున బతుకుతుంది. దాని కండరాల్లో అమ్మోనియం లవణాలు ఉండడంవల్ల ఒళ్లు సముద్రపు నీటికంటే తేలిక. అందుకే చచ్చిన చేపలు ఎన్నో అడుగుకు చేరుతుంటే ఈ స్క్విడ్ మాత్రం పైకి తేలుతుంది. బతికున్నన్నాళ్లూ మనకు కనబడని జీవి, చచ్చాక మన గుమ్మంలోకి వస్తుందన్నమాట. 1853లో డెన్మార్క్ తీరానికి చేరిన ఒకదాన్ని జాలర్లు ఎర కోసం ముక్కలు చేసుకున్నారు. మిగిలిన ముక్కు ఆధారంగానే జపెటస్ స్టీన్‌స్ట్రుప్ అనే శాస్త్రవేత్త 1857లో దానికి ఆర్కిట్యూథిస్ అని పేరుపెట్టాడు. 1861లో కెనరీ దీవుల దగ్గర నీటిపైన తేలుతున్న ఒక స్క్విడ్‌ను అలెక్టన్ అనే ఫ్రెంచి ఓడవాళ్లు తుపాకులతో కాల్చి, తాడు వేసి లాగారు. ఒళ్లు తెగిపోయి తోక ముక్క మాత్రం చేతికొచ్చింది. 1873లో న్యూఫౌండ్లండ్‌లో మోజెస్ హార్వే అనే మతగురువు జాలర్ల దగ్గర ఒకదాన్ని కొని, ఇంట్లో స్నానాల తొట్టి మీద వేలాడదీసి ఫొటో తీయించాడు. లోకం ఆ జీవిని అలా నమ్మింది: ఒక ముక్కు, ఒక తోక ముక్క, తొట్టి మీద వేలాడే శవం.

ఓర్‌ఫిష్‌దీ అదే బతుకు. వెండి రిబ్బనులాంటి ఒళ్లు, తల మీద ఎర్రటి తురాయి, ఎనిమిది మీటర్ల దాకా పొడవు. సముద్రసర్పం కథలు కొన్నింటికి ఇదే మూలమని చాలాకాలంగా చెబుతున్నారు. లోతులో ఉన్నప్పుడు తరచూ నిలువుగా నిలబడి ఉండే చేప ఇది. పైకి వచ్చిందంటే జబ్బుచేసో, దెబ్బతినో వచ్చినట్టే. జపాన్‌వాళ్లు దాన్ని సముద్రదేవుడి కోట నుంచి వచ్చిన దూత అంటారు, అది ఒడ్డుకు వస్తే భూకంపం వస్తుందని భయపడతారు. అక్కడి పరిశోధకులు 1928 నుంచి 2011 దాకా లోతు చేపలు కనబడిన సందర్భాలను భూకంపాల పట్టికతో పోల్చి 2019లో ఫలితం ప్రకటించారు. సంబంధం ఉందనదగ్గది ఒకే ఒక్క సందర్భం. అంటే ఊపిరి పోతూ ఒడ్డున పడ్డ చేపకు మన కీడు మనమే అంటగట్టాం. దాని కష్టం మనకు శకునమైంది.

ఇది పాతకాలపు అజ్ఞానమని తీసిపారేయడానికి లేదు. 1996లో కాలిఫోర్నియా తీరాన అమెరికా నౌకాదళం మనుషులు పదిహేనుమంది దాకా వరుసగా నిలబడి ఒక చచ్చిన ఓర్‌ఫిష్‌ను ఎత్తి పట్టుకున్న ఫొటో ఉంది. అదే ఫొటో థాయ్‌లండ్, లావోస్‌లలో మెకాంగ్ నదిలో అమెరికా సైన్యం 1973లో పట్టిన నాగరాణి అన్న పేరుతో దుకాణాల్లో, హోటళ్లలో గోడలకెక్కింది. సముద్రం చేప నదిలోకి ఎక్కింది, తారీఖు ఇరవై మూడేళ్లు వెనక్కి జరిగింది. కెమెరా వచ్చాక కథలు ఆగిపోతాయనుకున్నవాళ్లు శవానికి కెమెరా ఎదురైతే ఏమవుతుందో ఊహించలేదు.

మన దగ్గరా, చచ్చిన తిమింగలం శ్రీకాకుళం జిల్లాలోనో మరో చోటో ఒడ్డుకు కొట్టుకొచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్లు కదులుతాయి. ఉబ్బిన పొట్ట, వాసన, చుట్టూ సెల్‌ఫోన్లు. తీరానికి దూరంగా బతికే నాలాంటి తెలుగువాడికి తిమింగలం అంటే బొమ్మల్లో చూసినదీ, ఇలాంటి వార్తా ఫొటోలో చూసినదీ తప్ప మూడోది లేదు. చావు ఇళ్లలో తప్ప మరెక్కడా కలవని చుట్టం ఒకాయన ఉంటే, ఆయన నవ్వగలడని మనకెలా తెలుస్తుంది? లోతు సముద్రంతో మన చుట్టరికం అలాంటిది.

మరి బతికున్నదాన్ని చూసినవాళ్ల సంగతి? ఇక్కడ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1848 ఆగస్టు 6న జరిగింది. బ్రిటిష్ నౌకాదళపు ఓడ డెడాలస్ గుడ్ హోప్ అగ్రానికీ సెయింట్ హెలెనా దీవికీ మధ్య వెళుతుండగా, నీటిపైకి తల ఎత్తి సాగిపోతున్న పొడవాటి జీవిని కెప్టెన్ మక్వే, అధికారులు ఇరవై నిమిషాలపాటు చూశారు. అరవై అడుగుల పాము అని కెప్టెన్ రాశాడు. మహా పండితుడు రిచర్డ్ ఓవెన్ అది పెద్ద సీల్ అయివుంటుందన్నాడు. కెప్టెన్‌కు కోపం వచ్చింది. ఓవెన్‌కు సందేహం రాలేదు. చూసినవాడికీ చూడనివాడికీ ఒకే పాటి ధీమా. 2015లో గ్యారీ గాల్‌బ్రెత్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఆ వర్ణనకు సరిపోయేది సెయ్ తిమింగలమని ప్రతిపాదించాడు. నోరు తెరిచి నీటి ఉపరితలాన్ని వడపోసుకుంటూ పోయేటప్పుడు దాని పై దవడ బయటికి కనబడుతుంది, పక్కనుంచి చూస్తే పాము తలలా ఉంటుంది.

రెండోది ఇంకా పాతది. 13వ శతాబ్దంలో నార్వేలో రాసిన ‘రాజుకు అద్దం’ అనే గ్రంథంలో హఫ్‌గూఫా అనే మహాజీవి ఉంది. ఆకలేసినప్పుడు అది త్రేన్చి, తిన్నదాంట్లో కొంత బయటికి కక్కుతుందట. ఆ ఆశకు చేపలు గుంపులుగా వస్తాయట. అది జలసంధి అంత నోరు తెరుచుకుని కదలకుండా ఉంటే, చేపలు తమంతట తామే లోపలికి వెళతాయట. చాలాకాలం దీన్ని కట్టుకథ కిందే జమకట్టారు. 2010 దశకంలో థాయ్‌లండ్ సింధుశాఖలో బ్రైడ్స్ తిమింగలాలు, కెనడాలోని వాంకూవర్ దీవి దగ్గర హంప్‌బ్యాక్ తిమింగలాలు అచ్చం ఇలాగే తింటుండగా శాస్త్రవేత్తలు నమోదు చేశారు. నీటిపైన నోరు తెరిచి నిలబడతాయి, చేపలు వచ్చి పడతాయి, నోరు మూస్తాయి. పాత గ్రంథం చెప్పినదీ ఇదే అయివుంటుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2023లో రాశారు.

ఈ పరిశోధకుల మాటలు నిజమైతే రెండు కథల్లోనూ ఉన్నది భోజనం చేస్తున్న తిమింగలమే. దారిన పోతున్న ఓడకు అది పాముగా కనబడింది. ఆ నీళ్లను ఎరిగినవాళ్ల నోట మాత్రం దాని తిండి తీరు పొల్లుపోకుండా నిలిచింది. తేడా వాళ్ల తెలివిలో లేదు, తీరికలో ఉంది. హఫ్‌గూఫా వర్ణనలోనూ అతిశయోక్తి ఉంది. అలాంటివి లోకంలో రెండే ఉండాలి, లేకపోతే సముద్రంలో చేపలు మిగలవు అని ఆ గ్రంథకర్త ఊహించాడు. కానీ ఆ ఊహ తిండి దగ్గర మొదలు కాలేదు. తిండి తీరు చూశారు, అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడలేదు. చూపు ఆగినచోటే ఊహ మొదలైంది.

క్రాకెన్ గురించి 1750లలో నార్వేలోని బెర్గెన్ బిషప్ ఎరిక్ పొంటోపిడాన్ రాసినదీ చదవండి. అందులో పనిచేసుకునే జాలర్ల గొంతు వినిపిస్తుంది. ఎనభై, వంద బారల లోతు ఉండాల్సినచోట ఇరవై, ముప్ఫై బారలకే గుండు నేలకు తగిలి, చేపలు విపరీతంగా పడుతుంటే కింద క్రాకెన్ ఉన్నట్టు. గాలాలు వేసి పట్టుకున్నంత పట్టుకోవాలి. లోతు ఇంకా తగ్గుతుంటే అది పైకి వస్తోందని తెలుసుకుని తెడ్లు వేసి తప్పుకోవాలి. వాళ్లకు క్రాకెన్ భయమే అయినా అన్నం పెట్టే భయం. ఓడలను చుట్టి ముంచే బొమ్మలతో పోలిస్తే, దానిమీదే బతికినవాళ్ల మాటలు ఎంత పొదుపుగా ఉన్నాయో!

ఇక పండితుల సంగతి. ఒడ్డుకు చేరిన స్క్విడ్ శవాలు మెత్తగా, వేలాడిపోయి ఉండడం చూసి, ఇది చురుకుతనంలేని జీవి, ప్రవాహానికి తేలుతూ తిండి కోసం ఎదురుచూస్తుంది అని చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నారు. 2004 సెప్టెంబరు 30న జపాన్‌లోని ఒగసవరా దీవుల దగ్గర, 900 మీటర్ల లోతున, త్సునేమి కుబోదెరా, క్యోఇచి మోరి దించిన కెమెరాకు బతికున్న భారీ స్క్విడ్ తన నెలవులోనే తొలిసారి చిక్కింది. అది ఎర మీదికి దూకింది. కొక్కేనికి చిక్కి నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, అయిదున్నర మీటర్ల చేతిని తెంచుకుని పోయింది. అదే శవం నుంచి కథకులు ఓడలు ముంచే రాక్షసిని తయారుచేశారు, పండితులు బద్ధకస్తుణ్ణి తయారుచేశారు. రెండూ శవం మీద కట్టిన కథలే. ఒకదాన్ని పురాణం అన్నాం, రెండోదాన్ని అంచనా అన్నాం.

ఇదంతా చదివాక నాలో మారింది జంతువుల మీద అభిప్రాయం ఒక్కటే కాదు. ఎవరైనా ఒక మనిషిని రాక్షసుడంటే, వెంటనే ఔననో కాదనో అనేముందు, నువ్వు అతణ్ణి ఏ స్థితిలో చూశావని అడగాలనిపిస్తోంది. ఆస్తి పంపకాల రోజున చూశావా, అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్న రోజున చూశావా, జబ్బుతో మంచాన పడ్డప్పుడు చూశావా? ఈ ప్రశ్న అడిగినంతమాత్రాన చెప్పినవాడు అబద్ధాలకోరు అయిపోడు. స్ట్రాన్సేవాళ్లలాగే అతనూ చూసినదే చెబుతూ ఉండవచ్చు. పైగా ఒక్కోసారి ఆ మనిషి నిజంగానే కరిచేవాడు కావచ్చు. 2004లో కనబడ్డ స్క్విడ్ సాధుజంతువేం కాదుకదా. నేనడిగేది క్షమించమని కాదు, సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో గుర్తుపెట్టుకోమని. ఒక్క చెడ్డరోజు చూపు ఆ రోజుకు సాక్ష్యం. మొత్తం బతుకు మీద తీర్పు చెప్పాలంటే ఆ నార్వే జాలర్లలా మళ్లీ మళ్లీ అదే నీటికి వెళ్లి, అది తింటున్నప్పుడూ చూసి ఉండాలి. అంత తీరిక లేనప్పుడు, తీర్పు కూడా మన పని కాదని ఒప్పుకోవడమే మర్యాద.