కాశీ లింగం వచ్చేలోగా: సందేహంలో మందు రాసే ధర్మం

పూర్తిగా తెలియకుండా చేసిన పని ధర్మం అవుతుందా అన్న ప్రశ్న శాస్త్రచర్చల్లో ఎప్పుడో గాని తలెత్తదు. వైద్యుని బల్ల ముందు అది రోజూ తలెత్తుతుంది. చీము పట్టిన గోరుచుట్టుతోనో, ఎర్రగా కమిలి వాచిన కాలితోనో రోగి వచ్చి కూర్చున్నప్పుడు, దానికి కారణమైన సూక్ష్మజీవి ఏదో, అది ఏ మందుకు లొంగుతుందో వైద్యునికి నిశ్చయంగా తెలియదు. తెలిపే పరీక్ష ఉన్నది గాని, చీములోని సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూసే ఆ కల్చర్ పరీక్ష ఫలితం రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగడమా, ఆగకుండా రాయడమా అన్నది పైకి వైద్యవిషయంగా కనిపించినా, లోతున అది జ్ఞానానికీ కర్మకూ మధ్యనున్న సంబంధాన్ని గురించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు దారి చూపే కథ ఒకటి పగిడ్యాల ప్రాంతంలో ఉన్నది. నంద్యాల జిల్లా పగిడ్యాల మండలంలోని ముచ్చుమర్రి దాపున, శ్రీశైలం జలాశయపు వెనుక నీటిలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉండి, నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సంగమేశ్వరాలయంలోని మూలమూర్తి వేపదారు లింగం, అంటే వేపకొయ్యతో చేసిన శివలింగం. స్థలపురాణం ప్రకారం ధర్మరాజు లింగప్రతిష్ఠ తలపెట్టి, లింగాన్ని తెమ్మని భీముణ్ణి కాశీకి పంపాడు. ముహూర్తం దాటిపోతున్నా అతడు రాకపోవడంతో వేపమొద్దును లింగంగా మలిచి ప్రతిష్ఠించాడు. ఆలస్యంగా వచ్చిన భీముడు కోపించగా, అతడు తెచ్చిన లింగాన్ని కూడా తీరాన నిలిపి, భక్తులు ముందుగా భీమలింగాన్ని దర్శించిన తరువాతనే సంగమేశ్వరుణ్ణి దర్శించాలని నియమించాడు. ఇందులో ధర్మరాజును నిర్దోషిగా నిలిపే అంశాలు మూడు: ముహూర్తం నిజంగానే దాటిపోతూ ఉండటం, కొయ్యను మలచకముందే భీముణ్ణి కాశీకి పంపి ఉండటం, ఆలస్యంగా వచ్చినదానికి అగ్రస్థానం ఇవ్వడం. సందేహంలో మందు రాసే వైద్యుని ధర్మాన్ని ఈ మూడింటితోనే కొలవవచ్చు.

సెగ్గడ్డలకూ, చర్మం కింద వ్యాపించే వాపులకూ తరచుగా కారణమయ్యే సూక్ష్మజీవి స్టెఫిలోకాకస్ ఆరియస్. ఇది ఎంతోమంది ఆరోగ్యవంతుల ముక్కులోనూ చర్మం మీదా ఊరకే కాపురముండి, గాయం దారి ఇచ్చినప్పుడు లోపలికి చొరబడుతుంది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది ఈ జీవి పెరుగుతున్న పళ్లెంలోనే. అయితే పెన్సిలిన్‌ను ఛేదించే పెన్సిలినేజ్ అనే ఎంజైమును ఇది త్వరలోనే విస్తారంగా తయారుచేయసాగింది. ఆ ఎంజైముకు తెగని పెన్సిలిన్లుగా క్లోక్సాసిలిన్, డైక్లోక్సాసిలిన్, ఫ్లూక్లోక్సాసిలిన్ వచ్చాయి. ఈ వర్గానికి మొదటిదైన మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ 1961 నాటికే బ్రిటన్‌లో కనిపించింది. నోటి ద్వారా ఇచ్చే క్లోక్సాసిలిన్‌ను పెద్దలకు సాధారణంగా 250 నుంచి 500 మిల్లీగ్రాముల వంతున, రోజుకు నాలుగుసార్లు, ఆహారం దాని శోషణను తగ్గిస్తుంది కాబట్టి భోజనానికి గంట ముందో, రెండు గంటల తరువాతో ఇస్తారు. పూటకొక మాత్రకు అలవాటుపడిన ఇంట్లో ఈ నియమాన్ని విడమరచి చెప్పకపోతే, సరైన మందు కూడా చాలని మందుగా మారుతుంది.

మొదటి కొలమానం ముహూర్తం. చిన్న సెగ్గడ్డను కోసి చీము తీస్తే చాలాసార్లు మందు లేకుండానే మానుతుంది; అక్కడ ముహూర్తమే లేదు కనుక కొయ్యను మలచవలసిన పని లేదు. తీవ్రజ్వరంతో, తడబడే మాటతో, పడిపోతున్న రక్తపోటుతో వచ్చిన రోగి విషయంలో ముహూర్తం ఇప్పటికే మించుతూ ఉన్నది కనుక, నోటి మాత్రతో కాలం గడపక, సిరల ద్వారా మందు ఇవ్వగల పెద్ద ఆసుపత్రికి వెంటనే పంపాలి. నోటి పెన్సిలిన్‌కు తగిన చోటు ఈ రెండింటి నడుమనున్నది.

రెండవ కొలమానం జ్ఞానాన్వేషణ, భీముణ్ణి కాశీకి పంపడం వంటిది. పదిహేడవ శతాబ్దపు ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెబుతుంది. ప్రమాణమంటే యథార్థజ్ఞానానికి సాధనం. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, చీము గూడుకట్టడం చూసి స్టెఫిలోకాకస్‌ను ఊహించడం అనుమానం. మందు పడకపోయిన గతం ఉన్నదా అని రోగిని అడిగి తెలుసుకోవడం శబ్దం, అంటే ఆప్తుని (నమ్మదగినవాని) మాట. న్యాయసూత్రాలు వేదప్రామాణ్యాన్ని సమర్థించేటప్పుడు ఆయుర్వేదాన్నే దృష్టాంతంగా చూపాయి. ఆప్తులు చెప్పినది కనుకనే వైద్యశాస్త్రం ఫలిస్తున్నదని వాటి వాదం. కాని వైద్యునికి ఎదురుగా ఉన్న ఆప్తుడు రోగి, అతడు తన ఒంటికి జరిగినదానికి సాక్షి గాని, దాని కారణానికి సాక్షి కాడు. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవారిని పరీక్షించి చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి అది నిజానికి పడుతుందని తేలుతున్నది. చిన్ననాటి జ్వరంలో వచ్చిన దద్దురు మందు ఖాతాలో పడి ఉంటుంది. అయినా ఆ మాటను కొట్టివేయడం ప్రాణాపాయం. మందు వేసుకున్న ఎంతసేపటికి, ఏమి జరిగింది, ఊపిరి అందలేదా, పెదవులు వాచాయా, ఆసుపత్రిలో చేర్చారా అని విడివిడిగా అడగడమే శబ్దప్రమాణాన్ని శోధించడం. అలాంటి తీవ్రలక్షణాలు ఉంటే పెన్సిలిన్ వర్గాన్నే విడిచిపెట్టాలి.

అడగవలసిన మరొక సంగతి కాలేయానికి సంబంధించినది. ఫ్లూక్లోక్సాసిలిన్ వల్ల అరుదుగా పైత్యరసం నిలిచిపోయి కామెర్లు వస్తాయి; రెండు వారాలకు మించి వాడినవారిలో, వయసు పైబడినవారిలో ఆ ముప్పు ఎక్కువ, అది మందు ఆపిన రెండు నెలలకు కూడా బయటపడవచ్చు. కర్మకూ ఆలస్యంగా అందే ఫలానికీ నడుమ కనిపించని లంకె ఒకటి ఉండాలని మీమాంసకులు దానికి అపూర్వం అని పేరు పెట్టారు. ఇక్కడ ఆ లంకెను రోగి తనంతట తాను పట్టుకోలేడు. ఎప్పుడో మానిన పుండుకూ, ఇప్పటి పచ్చని కళ్లకూ సంబంధం అతనికి తోచదు. ఆ సంగతి మందు రాసిననాడే చెప్పడం వైద్యుని మర్యాద మాత్రమే కాదు, రాసిన కర్మలో భాగం.

ఆ కర్మఫలం రాసినవానికీ మింగినవానికీ మాత్రమే చెందదు. చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను చంపక వాటికి తట్టుకునే విద్య నేర్పుతుందనీ, ఆ జీవులు మరొకరికి సోకి ప్రాణం తీయవచ్చనీ ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా లక్షమందికి పైగా మరణించారని అంచనా. కర్నూలు-కడప (కె.సి.) కాలువ ఎగువన ఒకరు అవసరానికి మించి పారించుకున్న నీరు చివరి ఆయకట్టు రైతుకు అందనట్టే, అనవసరంగా వాడిన మందు శక్తి తరువాతి రోగికి అందదు. అతడు గదిలో లేడు, పేరు తెలియదు. అయినా అతని పట్ల బాధ్యత ఉన్నది.

మూడవ కొలమానం సవరణ. దానికి వీలుండాలంటే చీము నమూనాను మొదటి మాత్రకు ముందే తీసుకోవాలి, ఎందుకంటే మందు పడిన తరువాత తీసిన నమూనా తప్పుదారి పట్టించవచ్చు. నమూనా తీయకుండా మందు మొదలుపెట్టడమంటే భీముణ్ణి పంపకుండా కొయ్యను చెక్కడమే. ఫలితం వచ్చి, ఆ జీవి ఈ మందుకు లొంగదని చెబితే, తన ఊహ మీద మమకారం పెట్టుకోక మందు మార్చాలి. కర్నూలు వైద్య కళాశాల వంటి చోట ఈ పరీక్ష దొరుకుతుంది గాని, ప్రతి పల్లెకూ అది అందుబాటులో ఉండదు. చీము బయటపడని వాపులో తీసేందుకు నమూనాయే ఉండదు. అక్కడ ధర్మం లోపించినట్టేనా? కాదు, కాశీ దగ్గరపడినట్టు. ఎర్రని వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, రెండు రోజుల తరువాత రమ్మని, గీత దాటి ఎరుపు పాకితే ఆలోగానే రమ్మని చెప్పి పంపిన వైద్యుడు కూడా భీముణ్ణి పంపినవాడే. రోగి తిరిగి వచ్చిన రోజున ఆ వైద్యుడు ముందు చూడవలసినది తాను రాసిన చీటీని కాదు, ఆ గీతను.