గాలి ఎటు పోవుచున్నది?

ధ్యాన భాగము: లూకా 13:6–9



మేము గ్రామ సంఘములను దర్శించుటకు వాడు పాత 350 సి.సి. బుల్లెట్టు మోటారు సైకిలును మీలో అనేకులు ఎరుగుదురు. మొన్న వేసవిలో దాని ఇంజను విప్పించి, బోరు చేయించి, క్రొత్త పిస్టను, రింగులు వేయించితిమి. అయినను కిక్కు కొట్టినప్పుడు కాలికి ఎదురు తగులలేదు. దీనినే మెకానిక్కులు కంప్రెషన్ తక్కువ అందురు. పెట్రోలు కలిసిన గాలి లోపల గట్టిగా నొక్కబడనియెడల, ప్లగ్గు ఎంత మంచి నిప్పురవ్వ ఇచ్చినను బలము పుట్టదు.

నగరములో చూపించుటకు బయలుదేరగా, విజయవాడ రోడ్డున ఎల్.బి. నగరు చేరి బండి ఆగిపోయెను. మెట్రో స్తంభముల నీడను విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగరు వరకు నెట్టుకొనిపోయితిమి. మొదటి దుకాణములోని యువకుడు చూడగానే, "బోరు సరిగా చేయలేదు, మళ్లీ ఇంజను విప్పాలి" అనెను. ప్రక్క సందులోని వృద్ధుడైన మెకానిక్కు మాత్రము, "అయ్యగారూ, విప్పుడు తర్వాత. ముందు గాలి ఎటు పోతుందో చూద్దాం" అనెను.

ఆయన ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి పట్టుకొని కిక్కు కొట్టెను. ముల్లు కొంచెమే లేచెను. ఒక చెంచాడు ఇంజను ఆయిలు లోపల పోసి మరల కొట్టెను. రింగులు గాని బోరు గాని అరిగియుంటే, ఆయిలు ఆ సందును కప్పగా ముల్లు బాగుగా లేచును. అది లేవలేదు. పిమ్మట వాల్వులు రెండును మూసియుండునట్లు పిస్టనును పై కొసన నిలిపి, ప్లగ్గు రంధ్రము గుండా గాలి పంపెను. కార్బురేటరులో చప్పుడు లేదు, సైలెన్సరులో బుస్సుమనెను. అప్పుడాయన హెడ్డుమీది డీకంప్రెషరు తీగెను కొద్దిగా వదులు చేసెను. స్టార్టు చేయునప్పుడు గాలిని వదలు చిన్న వాల్వు అది. ఇంజను కూర్చినవారు తీగెను బిగువుగా కట్టుటచేత అది ఎల్లప్పుడు కొంచెము తెరచుకొనియే యుండెను. చప్పుడు ఆగెను. కిక్కు కాలికి ఎదురు తిరిగెను.

తిరుగు త్రోవలో మా మనస్సు మమ్మును గద్దించెను. మా సంఘములో ఒక సహోదరుడు నాలుగు నెలలుగా ఆరాధనకు రాలేదు. "అతని విశ్వాసము అరిగిపోయినది" అని పెద్దలతో కూడ మేమును అంటిమి. ప్రభు భోజనపు పట్టికనుండి అతని పేరు కొట్టివేయ సిద్ధపడితిమి. ఒకసారియైనను ఇంటికి వెళ్లి అడుగలేదు. ఆ రాత్రి వెళ్లితిమి. కుమార్తె పెండ్లికి ఒక సంఘ పెద్దయొద్ద తీసికొన్న అప్పు తీర్చలేక, ఆయన ఎదుట కూర్చొనుటకు అతడు సిగ్గుపడుచుండెను. ఇంటిలో కుటుంబ ప్రార్థన ఒక్క దినమైనను మానలేదు. సంగతి విని ఆ పెద్ద గడువు పెంచి, మరుసటి ఆదివారము తానే వెళ్లి చేయి పట్టుకొని తోడుకొని వచ్చెను. ఆ యిద్దరి అనుమతితోనే ఇది వ్రాయుచున్నాము.

ఉపమానములోని తోటమాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఫలింపని అంజూరపు చెట్టును నరికించబోయిన యజమానునియొద్ద అతడు ఒక యేటి గడువడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేయుటకు ఒప్పుకొనెను. త్రవ్వనిదే వేరు స్థితి తెలియదు. అరిగిన రింగులు లేవని మేము చెప్పము, అట్టివాటిని మార్చవలసినదే. గాని పరీక్షింపక మార్చువాడు మంచిదానిని పారవేయును.

కావున ఈ నెలలో, చల్లారిపోయెనని మీరు తలంచిన ఒకని ఇంటికి వెళ్లుడి. తీర్పు చెప్పుటకు కాదు, వినుటకు వెళ్లుడి. ప్రభువు మొదట మన హృదయములనే పరీక్షించును గాక. ఆమేన్.