ఆకలీ, నిగ్రహమూ, స్వేచ్ఛా

ఒక పూట తినేవాడు యోగి, రెండు పూటలు తినేవాడు భోగి, మూడు పూటలు తినేవాడు రోగి అని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. చిన్నతనంలో ఈ సామెత విన్నప్పుడల్లా నాకొక అనుమానం కలిగేది. మా ఊళ్ళో పనులు దొరకని నెలల్లో ఒక పూట మాత్రమే తినే కుటుంబాలు చాలా ఉండేవి. ఆ కుటుంబాలవాళ్ళను ఎవరైనా యోగులని పిలవగా నేను వినలేదు. ఒక పూట తినటం యోగం అనిపించుకోవాలంటే రెండో పూటకు సరిపడా గింజలు ఇంట్లో ఉండి తీరాలన్నమాట! గాదెలో ధాన్యం ఉన్నవాడు మానుకుంటే నిగ్రహం. లేనివాడు మానుకుంటే పస్తు.

ఈ సామెతే ఇవాళ కొత్త వేషం వేసుకుని తిరుగుతున్నది. మనిషి ఏం తింటే మంచిదో పత్రికలూ, డాక్టర్లూ, చేతిలోని ఫోనూ రోజంతా చెబుతూనే ఉన్నాయి. చెప్పిన దాంట్లో అబద్ధం తక్కువే. పప్పులూ ఆకుకూరలూ ఎక్కువ తినాలి, చక్కెరా నూనే ఉప్పూ తగ్గించాలి, దిగులు పుట్టినప్పుడల్లా తిండిమీద పడకూడదు. ఇందులో దేన్నీ నేను కాదనను. ఈ సలహాకు అడుగున, పైకి అనకుండా, ఒక తీర్పు ఉంటుంది: “నీకు తెలుసు, అయినా తిన్నావు. కనుక నీ జబ్బుకు నువ్వే దోషివి.” నా పేచీ ఈ తీర్పుతో. చెడ్డ తిండి తినటం నైతికమైన లోపమా? మనసు బాగాలేక తిన్న ముద్దకు మనిషి ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి?

మన తెలుగు దేశపు చరిత్రలోనే దీనికి పనికివచ్చే ఉదాహరణలు రెండున్నాయి. గోదావరిమీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తి అయిన తరువాత డెల్టా అంతా వరి అయింది. రైసు మిల్లులు వచ్చిన తరువాత ఆ వరి అన్నం మల్లెపువ్వులా తెల్లబడింది. దంపుడు బియ్యం బీదరికానికీ, తెల్లని అన్నం పరువుకూ గుర్తులయినాయి. ఈ తెల్లదనంతోపాటు కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు వచ్చింది: కాళ్ళు తిమ్మిరెక్కటం, నడక పడిపోవటం, గుండె చెడటం. గింజ పైపొరల్లో ఉండే బి1 విటమిను తవుడుతోపాటు మిల్లులోనే పోయింది. మిగిలిన కాస్తా కడుగుతోనూ, వార్చిన గంజితోనూ పోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు లేదు. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు ఆ విటమిను గింజ లోపలికి ఇంకి, మిల్లు పట్టినా మిగులుతుంది. అయితే బెరిబెరితో పడిపోయిన మనిషి జిహ్వచాపల్యంకొద్దీ పడిపోయాడా? ఆనకట్టా, మిల్లూ, పరువూ కలిసి అతని పళ్ళెంలో వడ్డించినది తిన్నాడు.

ఇది చదివి, “చూశారా, జొన్నలూ రాగులూ మానటంవల్లనే ఇంత అనర్థం!” అనేవారున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఈ గొంతు మరీ పెరిగింది. వారు రెండో ఉదాహరణ కూడా వినవలసి ఉంటుంది. దక్కను మెట్ట ప్రాంతాల్లో, కేవలం జొన్నమీద బతికే కూలి జనంలో, పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలటం, విరేచనాలు, ముదిరితే మతి చెడటం దాని లక్షణాలు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీన్ని పరిశోధించి, జొన్నలో లూసిన్ అనే పదార్థం మితిమీరి ఉండటం కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను తరువాత కొందరు శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. కాని ఒక సంగతి ఎవరూ ప్రశ్నించలేదు. జొన్నరొట్టెతో పప్పూ, పాలూ, మాంసమూ తిన్న ఆసామికి పెల్లాగ్రా రాలేదు. ఉత్త జొన్న తిన్న అతని పాలేరుకు వచ్చింది. గింజ ఒకటే. అందుచేత ఫలానా గింజ పుణ్యాత్మురాలు, ఫలానాది పాపిష్ఠిది అని నిర్ణయించటంవల్ల ప్రయోజనం లేదు.

అన్నట్టు, 2025 ఉగాదికి తెలంగాణలో రేషను దుకాణాల ద్వారా సన్నబియ్యం ఇవ్వటం మొదలుపెట్టినప్పుడు, “బీదవాళ్ళకు సన్నబియ్యం దేనికి? రాగులిస్తే ఆరోగ్యం కదా!” అన్న చదువుకున్నవారిని నేను ఎరుగుదును. రాగులివ్వటం మంచిదే కావచ్చు. కాని ఆ మాట అన్నవారి ఇంట్లో తరతరాలుగా వండుకుంటున్నది సన్నబియ్యమే. తాము తిని తిని విసిగిన దాన్ని ఇతరులు రుచి చూడకముందే మానుకోవాలనటం ఏ నీతిశాస్త్రం కిందికి వస్తుందో నాకు తెలియదు.

ఎంగెల్సు 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితిగతులను గురించి రాసిన గ్రంథంలో ఒక చిన్న వివరం ఉంది. కార్మికుడికి కూలి శనివారం సాయంత్రం చేతికొస్తుంది. అతను బజారుకు చేరేసరికి మంచి సరుకంతా మధ్యతరగతివారు ఉదయమే ఏరుకుపోయి ఉంటారు. వాడిన కూరా, చెడిన మాంసమూ అతని వంతు. అతని “ఎంపిక”ను నిర్ణయించింది గడియారం! మన పట్నాల్లో రాత్రి తొమ్మిదింటికి పని వదిలి బస్సు దిగే అమ్మాయికి ఆ వేళ ఎదురుగా కనపడేవేమిటి? నూడుల్సు బండీ, పునుగుల మూకుడూ. ఆ అమ్మాయికి ఆకుకూర గుణాలు తెలియవనుకునేవాడు అమాయకుడు.

ఇంతవరకూ మన పాఠకులు నాతో ఏకీభవిస్తారనే నమ్మకం నాకుంది. చిక్కంతా ఇక్కడినుంచే.

జార్జి ఆర్వెల్ 1937లో అచ్చయిన ‘ది రోడ్ టు విగన్ పియర్’లో, ఇంగ్లండులోని నిరుద్యోగులు ఉన్న కాస్త డబ్బునూ పౌష్టికమైన తిండిమీద పెట్టక రొట్టెకూ, చక్కెరకూ, తీపి టీకీ ఎందుకు పెడతారని ప్రశ్నించుకున్నాడు. జీవితం విసుగ్గా, అవమానకరంగా ఉన్నప్పుడు మనిషికి చప్పని మంచి తిండి సహించదనీ, ఏదో కాస్త రుచిగా కావాలనిపిస్తుందనీ అతను గ్రహించాడు. అంటే తిండి ఇక్కడ ఆకలికి జవాబు కాదు, దిగులుకు జవాబు. ఆకలి రుచెరుగదని మనవాళ్ళ సామెత. రుచిని తప్ప మరి దేన్నీ ఎరగని ఆకలి ఇంకొకటి ఉన్నది. చద్దన్నం పెడితే అది పోదు. దానికి పకోడీయే కావాలి, సున్నుండే కావాలి. ఈ రెండు ఆకళ్ళనూ వేరుచేసి చూడటానికి ఇంతకన్న తేలికైన పరీక్ష నాకు తెలియదు.

మా అక్కయ్య సంగతి చెబుతాను. చిన్న పట్నంలో కాపురం. తెల్లవారుజామున అయిదింటికి లేచి ఇంటిల్లిపాదికీ క్యారియర్లు కట్టి, పగలంతా బట్టలు కుట్టి, రాత్రి అందరూ తిన్న తరువాత తాను తినేది. ఆ తినటం కూడా నిలబడి, గిన్నె అడుగున మిగిలింది ఊడ్చి తినటం. ఆ తరువాత వంటింటి దీపం తీసేసి, అలమరలోని డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, సున్నుండలు తినేది. రెండు, మూడు, ఒక్కొక్కనాడు నాలుగు. షుగరు వ్యాధి బయటపడింది. డాక్టరు తీపి మానమన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కనుక రాగిపిండి పొట్లమూ, ఒక ఉపన్యాసమూ వెంట తీసుకువెళ్ళాను. అక్కయ్య ఓపిగ్గా విని, “ఒరే, పొద్దుటినుంచీ ఈ ఇంట్లో నేను చేసిందల్లా ఇంకొకరి నోటికి. ఇదొక్కటే నా నోటికి. ఇది కూడా తప్పేనంటావా?” అన్నది.

అప్పుడు నేను జవాబు చెప్పలేదు. తరువాత నా సమాధానంకోసం కొంత చదివాను.

నాజీలు వచ్చాక జర్మనీ వదిలి అమెరికా చేరిన హిల్డె బ్రూహ్ అనే వైద్యురాలు, పసిబిడ్డ దేనికి ఏడ్చినా తిండే నోట్లో పెడితే, ఆ బిడ్డ పెద్దయిన తరువాత కూడా దుఃఖాన్నీ ఆకలినీ విడదీసి గుర్తించలేడని సిద్ధాంతీకరించింది. ఇందులో నిజం లేకపోలేదు. కాని నాట్లకు పోవలసిన తల్లి, ఏడ్చే బిడ్డ చేతిలో బెల్లంముక్క గాక ఇంకేం పెడుతుంది? ఆమె దగ్గర తీరిక లేదు, బెల్లం ఉంది. తల్లిని దోషిని చేసినంత తేలిగ్గా ఆ తీరికను ఎవరు తీసుకుపోయారని అడగటం శాస్త్రజ్ఞులకు అలవాటు లేదు.

నిగ్రహవాదులకు ఇంకా ఇబ్బంది కలిగించేది మరొకటి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో చేరటానికి నిరాకరించిన 36 మంది యువకులను వారి సమ్మతిమీద ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచాడు. వారంతా ఆదర్శవాదులు, దృఢసంకల్పం గలవారు. వారికి పగలూ రాత్రీ తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేశారు, కంచాలు నాకారు. కట్టుబాటు తొలగిన తరువాత కడుపు పగిలేట్టు తిన్నా వారిలో కొందరికి తృప్తి కలగలేదు. 1975లో హెర్మన్, మాక్ అనేవారు చేసిన ప్రయోగం కూడా ఇటువంటిదే. తిండిలో కట్టడి పాటించేవారిచేత ముందుగా మిల్కుషేకు తాగించి, తరువాత ఐస్‌క్రీము రుచి చూడమన్నారు. మిల్కుషేకు తాగనివారికన్న తాగినవారే ఐస్‌క్రీము ఎక్కువ తిన్నారు. నియమం ఎట్లాగూ భంగమైంది, ఇక లెక్క ఏమిటన్నమాట! మా అక్కయ్య మొదటి సున్నుండను దిగులుతో తిన్నది. మిగతా మూడూ తిన్నానే అన్న తప్పుభావంతో తిన్నది. ఆమెకు నేను పట్టుకెళ్ళిన ఉపన్యాసం ఆ తప్పుభావాన్ని మరికాస్త పెంచింది.

పైగా ఈ బలహీనత కనిపెట్టి దానిమీద వ్యాపారం చేసేవారున్నారు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 20 మందిని ఎంచి, రెండు వారాలు కార్ఖానాల్లో తయారైన తిండీ, రెండు వారాలు మామూలుగా వండిన తిండీ పెట్టించాడు. వడ్డించిన చక్కెరా, కొవ్వూ, పీచూ సమానమే, కావలసినంత తినమన్నారు. కార్ఖానా తిండి పెట్టినప్పుడు వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు అదనంగా తిన్నారు. రెండుసార్లూ తిన్నది ఆ మనుషులే, వారి సంకల్పబలం మారలేదు; తిండి మారింది.

ఇక్కడ మన మిత్రులు ఉత్సాహపడి, “అయితే దోషమంతా వ్యవస్థదేగా! వ్యవస్థ మారిన తరువాత తిండి అదే మారుతుంది,” అంటారు. ఈ వాదం వినటానికి విప్లవాత్మకంగానే ఉంటుంది. దీన్ని అడ్డుపెట్టుకుని, షుగరు వ్యాధి ఉన్న ఒక యూనియన్ నాయకుడు సభానంతరం మూడు మిఠాయిలు తినటం నేను చూశాను. ఆయన తరువాత కాలు పోగొట్టుకున్నాడు. ఆయన జబ్బుకు కారణాలు సమాజంలో ఉన్నాయనేది నిజం. ఆ మూడో మిఠాయిని ఆయన చెయ్యే అందుకున్నదనేది కూడా నిజమే. మనిషిని పరిస్థితుల చేతి బొమ్మగా చూడటం అతన్ని క్షమించటంలాగా కనిపిస్తుంది గాని, నిజానికి అది అతన్ని మనిషి లెక్కలోంచి తీసివేయటం. ఎంగెల్సు ‘యాంటీ డ్యూరింగ్’లో, స్వేచ్ఛ అంటే ప్రకృతి నియమాలనుంచి తప్పించుకోవటం కాదనీ, ఆ నియమాలను తెలుసుకుని మన ప్రయోజనానికి వాటిని పనిచేయించుకోవటమనీ వాదించాడు. ఆ మాటను ఆవిరియంత్రాలకు వర్తింపజేసినంత సులువుగా మనం మన కడుపుకు వర్తింపజేసుకోం.

వర్తింపజేస్తే ఏమవుతుంది? తిట్టుకోవటానికి బదులు పరిశీలన మొదలవుతుంది. ఈ కోరిక ఏ వేళకు పుడుతున్నది? మధ్యాహ్నం సరిగా తినని రోజునా, ఎవరితోనో మాటపడిన రోజునా, ఒంటరిగా ఉన్న రోజునా? పూట తప్పించి రాత్రి నిగ్రహం చూపిస్తాననేవాడు మిన్నెసోటా యువకుల దారిన పోతున్నాడు. వేళకు కడుపునిండా, పప్పుతో కూరతో తినటం నిగ్రహానికి విరోధి కాదు, ఆధారం. తినటానికి ముందు చద్దన్నమైనా సరేనా అని తన్ను తాను అడగవచ్చు. కాదనే జవాబు వచ్చినా ఒక్కొక్కసారి తినవచ్చు, ఎందుకు తింటున్నదీ తెలిసి తినవచ్చు. హాస్టళ్ళలో చదివే విద్యార్థులు మెస్సు కమిటీలో కూర్చుని, బంగాళాదుంపల వేపుడు బదులు వారానికి నాలుగు రోజులు ఆకుకూరపప్పు వేయించుకోవటం నాలుగు వందలమంది విడివిడిగా చేసే ప్రతిజ్ఞలకన్న పనికివస్తుంది. ఇటువంటి పనిని చిల్లర విషయమని తీసిపారేసే మిత్రులు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతోనూ, సుమారు 59 మంది రక్తహీనతతోనూ ఉన్నారని గమనించాలి. తిండి ఎక్కువై ఒకరూ, అందక ఒకరూ ఒకే ఇంట్లో ఉంటారు. రెండూ ఒకే శరీరంలో ఉండటం కూడా వింత కాదు.

మా అక్కయ్య ప్రశ్నకు మటుకు వీటిలో ఏదీ పూర్తి జవాబు కాదు. రోజంతటిలో తనదంటూ ఉన్న ఒకే ఒక్క సుఖాన్ని, దాని స్థానంలో ఇంకేదీ పెట్టకుండా మానమని చెప్పే హక్కు నాకున్నదా? ఆమె ప్రాణంమీది ప్రేమతో చెప్పానంటే సరిపోతుందా? ఆ ప్రేమ ఉన్నవాళ్ళం ఇంటినిండా ఉన్నాం. ఆమె అందరితో కలిసి కూర్చుని ఎందుకు తినటం లేదని ఇరవై ఏళ్ళలో మాలో ఒక్కరం అడగలేదు.

తరువాత జరిగింది స్వల్పమే. నిరుడు కాలేజీలో చదివే ఆమె కూతురు, గిన్నెలన్నీ తెచ్చి ముందుగదిలో పెట్టి, ఎవరికి వారే వడ్డించుకోవాలని పేచీ పెట్టింది. బావగారు కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని, తరువాత అలవాటుపడ్డారు. అక్కయ్య ఇప్పుడు ఎనిమిదింటికి అందరితో కూర్చుని తింటున్నది. కూరలో తన వాటా ఉంటున్నది. షుగరు పూర్తిగా లొంగిందని చెప్పలేను. సున్నుండల డబ్బా అలమరలో అక్కడే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు దీపం వెలుగుతుండగానే దాన్ని తీసి మా ఇద్దరి మధ్యా పెట్టింది. తను సగం తుంచుకుని తిన్నది. నేను రెండు తిన్నాను.