మీటరు ముల్లుకు ప్రామాణ్యం ఎంత?

మనకు కలిగిన ఒక జ్ఞానం నిజమని తేలేది దేనివల్ల? ఆ జ్ఞానంతోపాటే దాని నిజం కూడా తెలిసిపోతుందా, లేక మరొక ఆధారం వచ్చి సాక్ష్యం చెప్పాలా? మొదటిది స్వతఃప్రామాణ్యమని మీమాంసా దర్శనాన్ని అనుసరించే మీమాంసకులు, రెండోది పరతఃప్రామాణ్యమని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. అటు 7వ శతాబ్దపు కుమారిల భట్టు, ఇటు 10వ శతాబ్దపు ఉదయనుడు. ఆంధ్రదేశం నుంచి కాశీ చేరిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసింది కొత్తగా చదువుకునే పిల్లల కోసం. దాని మీద తానే రాసిన దీపికలో ఆయన ఈ తగువును కూడా చేర్చాడు. పైకి పండితుల పట్టుదలలా కనిపించినా ఇందులో పందెం చిన్నది కాదు. వేదాన్ని ఎందుకు నమ్మాలి అన్నదే అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో ఈ రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఒక పని చెయ్యడానికి ఎంత తెలిస్తే చాలు అన్నది ఒకటి, ఒక విషయం తేల్చడానికి ఎంత తెలియాలి అన్నది మరొకటి. ఈ తేడా గ్రంథాల్లో కన్నా ఇంజిన్ దగ్గర సులువుగా కనిపిస్తుంది.

కొత్తగూడెం గౌతంఖని ఓపెన్‌కాస్ట్‌లోనో, మణుగూరు, రామగుండం గనుల్లోనో మట్టి మోసే డంపర్‌ను తీసుకోండి. ఇంజిన్ ఆయిల్ ప్రెజర్ చూపే ముల్లు హఠాత్తుగా కిందికి పడింది. ఎవరి నోటికైనా ముందుగా వచ్చే మాట, బేరింగులు పోయాయి అని. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. పంపు ఇచ్చేది ఆయిల్ ప్రవాహాన్నే. ఆ ప్రవాహానికి ఇరుకు సందుల్లో ఎదురయ్యే అడ్డు వల్ల ప్రెజర్ పుడుతుంది. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. ఆ సందు రెట్టింపైతే, మిగతావన్నీ మారకుండా ఉంటే, కారిపోయే ఆయిల్ రెండింతలతో ఆగదు, ఎనిమిదింతలవుతుంది. కాబట్టి బేరింగు అరిగితే ముల్లు పడుతుంది. కానీ ముల్లు పడింది కాబట్టి బేరింగు అరిగింది అనడానికి ఇది చాలదు. తర్కంలోని పాత ఉదాహరణే చూడండి: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. తర్కం చదువుకున్నవాళ్లు ఉపాధి (అదనపు షరతు) అనేది ఆ తడి కట్టెనే. ఆయిల్ తగ్గినా, డీజిల్ కలిసి పలచబడినా, మితిమీరి వేడెక్కినా ముల్లు పడుతుంది. రిలీఫ్ వాల్వులో నలుసు ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోయినా, ఆయిల్ పీల్చే గొట్టం దగ్గర జల్లెడ మూసుకుపోయినా అంతే. చివరికి ఏ లోపమూ లేకుండా సెన్సర్ వైరు ఊడినా అది పడవచ్చు. ఇలా ఇన్ని చోట్ల కనిపించి ఒక్క కారణాన్ని తేల్చలేని గుర్తును నైయాయికులు సవ్యభిచార హేతువు అంటారు. మన వర్క్‌షాపుల్లో దాన్ని నమ్మిన ఫలితం మంచి ఇంజిన్‌ను అనవసరంగా విప్పడం.

రేసు ఇంజిన్‌లో ఇదే చిక్కు ఇంకా పదునెక్కుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే బలం గురుత్వాకర్షణతో సమానమైతే సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. పీల్చే గొట్టం బయటపడి ఆయిల్‌కు బదులు గాలి మింగుతుంది. ముల్లు ఒక్క క్షణం పడి మళ్లీ లేస్తుంది. గ్యారేజీలో నిలబెట్టి ఎన్నిసార్లు చూసినా ఆ లోపం దొరకదు. అందుకే అక్కడ ప్రెజర్ ఎంత అన్న ప్రశ్న కన్నా ఎప్పుడు పడింది అన్న ప్రశ్నకు విలువ ఎక్కువ. వేడెక్కిన ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పడితే సందుల మీద, ఆయిల్ చిక్కదనం మీద అనుమానం. వేగం పెరిగేకొద్దీ పడితే పీల్చే వైపు, లేదా నురగ మీద. మలుపుల్లోనే పడితే సంపు మీద. ఆ తర్వాత వేరే మెకానికల్ గేజ్ బిగించి చూడాలి, ఫిల్టరు కోసి మడతల్లో లోహపు రేణువులున్నాయో లేదో వెతకాలి. ఇదంతా నైయాయికుడి పద్ధతి. మొదటి గుర్తు తన మాటకు తానే సాక్షి కాలేదు.

అయితే ఈ పరీక్షలన్నీ ముగిసేదాకా ఇంజిన్ తిరుగుతూ ఉండాలా? ఉండకూడదు. బేరింగులో ఆయిల్ పొర తెగితే అధిక వేగంలో లోహానికి లోహం తగిలి కొన్ని సెకన్లలోనే ఇంజిన్ పట్టేస్తుంది. ముల్లు పడగానే స్టీరింగ్ దగ్గరున్న మనిషి దాన్ని నిజమనే తీసుకుని ఇంజిన్ ఆపాలి. ముల్లు అబద్ధమాడుతోందేమో అన్న తర్కం ఆ క్షణంలో పనికిరాదు. ఇక్కడ మీమాంసకుడిదే పైచేయి: ఖండించే ఆధారం ఎదురయ్యేదాకా జ్ఞానాన్ని నిజంగానే ఎంచాలి. అండర్‌గ్రౌండ్ గనుల నియమాలు కూడా ఈ బుద్ధితోనే రాసినవి. మీథేన్ పేలాలంటే గాలిలో దాదాపు 5 శాతం ఉండాలి. కానీ 1.25 శాతం దాటగానే కరెంటు తీసెయ్యాలి. ప్రమాద స్థాయిలో నాలుగో వంతు దగ్గరే పని ఆగుతుంది. గ్యాస్ ఎక్కడి నుంచి వస్తోందన్న విచారణ ఆ తర్వాత.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. ఇంజిన్ ఆపడమంటే ముల్లును నమ్మడమే కదా, నమ్మిన తర్వాత పరీక్ష ఎందుకు? నైయాయికులు దీనికి గట్టి జవాబే ఇచ్చారు: పని చెయ్యడానికి నిశ్చయం అక్కర్లేదు, సంశయం చాలు. పంట చేతికొస్తుందన్న హామీ ఉండి రైతు దుక్కి దున్నడు. ఆపినవాడు బేరింగు పోయిందని తీర్పు చెప్పలేదు, పోయి ఉంటే జరిగే నష్టాన్ని తప్పించాడు, అంతే. రెండో ఆక్షేపణ ఇంకా బరువైంది. మొదటి మీటరును రెండోది పరీక్షిస్తే, రెండోదాన్ని ఎవరు పరీక్షిస్తారు? మీమాంసకులు నైయాయికుల మీద వేసిన అనవస్థా దోషం (అంతులేని గొలుసు) ఇదే. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో సందేహానికి ఒక హద్దు గీశాడు: సందేహించేవాడి సొంత నడతకే అడ్డం తిరిగే సందేహం అక్కడితో ఆగాలి. రెండు వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మీటర్లు ఒకే మాట చెప్పి, ఫిల్టరులో రాగి రేణువులు కూడా దొరికాక, ఇంకా సందేహమే అంటూ అదే ఇంజిన్‌ను మళ్లీ గనిలోకి పంపేవాడిది సందేహం కాదు, మొండితనం. ఈశ్వరుడు ఉన్నాడని వాదించడానికి రాసిన ఆ గ్రంథంలోనే సందేహానికి ఇంత మర్యాద దక్కిందని గుర్తుంచుకోవాలి. న్యాయసూత్రాలు నిఃశ్రేయసానికి (పరమ శ్రేయస్సుకు) తెలుసుకోవలసినవంటూ లెక్కపెట్టిన పదహారు పదార్థాల్లో మూడోది సంశయమే.

ఇక వేదం సంగతి. మీమాంసకులు కూడా తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. వ్యతిరేకమైన జ్ఞానం కలిగినా, జ్ఞానాన్నిచ్చిన సాధనంలో దోషం దొరికినా ముందటి జ్ఞానం చెల్లదని వాళ్లే ఒప్పుకున్నారు. మెకానికల్ గేజ్ వేరే అంకె చూపడం మొదటిది, సెన్సర్ వైరు ఊడటం రెండోది. వేదానికి కర్త లేడు కాబట్టి అందులో దోషానికి చోటు లేదన్నది వాళ్ల వాదం. సరే, ఆ మాట ఒప్పుకున్నా అది వేదం ఒక్కదానికే వర్తిస్తుంది. దాన్ని బోధించే గురువుకు, వ్యాఖ్యానించే పండితుడికి, దాని పేరు చెప్పి ఆచారం విధించే కులపెద్దకు వర్తించదు. వాళ్లందరూ మనుషులు చేసిన మీటర్లే. నైయాయికులైతే వేదాన్ని కూడా మంత్రాలతో, ఆయుర్వేదంతో పోల్చి సమర్థించారు: కంటికి కనిపించే విషయాల్లో మాట నిలబెట్టుకున్నవాడిని కనిపించని విషయాల్లోనూ నమ్మవచ్చని. ఆ వాదం మొత్తంగా నిలుస్తుందని నేననను, జ్వరం తగ్గించినవాడికి స్వర్గం దారి తెలియాలన్న నియమం లేదు. కానీ నమ్మకం పరీక్షకు నిలబడాలన్న షరతును అది ఒప్పుకుంది.

దసరా ఆయుధపూజలో యంత్రాలకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మర్నాడు అదే చేతులతో మీటరు సరిగ్గా చూపుతోందో లేదో పరీక్షించే కార్మికుడిలో వైరుధ్యమేమీ లేదు. పరీక్షిస్తే భక్తికి అపచారమనేవాళ్ల పక్షాన న్యాయమూ లేదు, మీమాంసా లేదు.