నానమ్మ సద్దన్నం తామసమా?



సాత్త్విక ఆహారం మీద మనం పెట్టిన వీడియోలో "పులిసినదేదైనా తామసమే" అని ఒక మాట వస్తుంది. ఆ స్క్రిప్టు రాసింది నేనే. వీడియోలో అది రెండు సెకన్ల మాట. మా ఇంట్లో అది ఏం చేసిందో చెప్పాలనే ఈ పోస్టు.

కొన్నాళ్లుగా నాకు పొట్ట ఉబ్బరం, మెడ మీద దద్దుర్లు. ఆన్‌లైన్‌లో ఒక కోచ్ ఆరు వారాల "ఈస్ట్ లేని డైట్" చార్టు పంపారు. బ్రెడ్డు, బన్ను, పిజ్జా, నాన్ వద్దు. ఇది అర్థమయ్యేదే, వాటిలో ఈస్ట్ వేస్తారు. చిప్స్, సూప్ ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో "ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్" అని ఉంటుంది, అది కూడా చూసుకోమన్నారు. కిందికి వెళ్తే ఇడ్లీ, దోసె, పెరుగు కూడా కొట్టేసి ఉన్నాయి. రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేసేవాడికి పొద్దున్న ఇడ్లీ, దోసె తీసేస్తే ఇంకేం మిగులుతుంది అనుకున్నా. చాలానే మిగిలింది. పెసరట్టు ఉంది, పెసలు నానబెట్టి రుబ్బి అప్పటికప్పుడు పోసేస్తారు. ఉప్మా, ఉప్పుడు పిండి, జొన్నరొట్టె, చోడిపిండి రొట్టె ఉన్నాయి. సింహాచలం ప్రసాదం పులిహోర కూడా తినొచ్చు, దాని పులుపు చింతపండుది, పులియబెట్టింది కాదు.

మూడో వారానికి ఆ డైట్ నాకు వ్రతంలా అనిపించడం మొదలైంది. రోజూ చార్టులో టిక్కు పెట్టుకుంటుంటే ఏదో శుద్ధి అయిపోతున్నట్టు ఫీలింగ్. ఒక శనివారం రుషికొండ వేంకటేశ్వర స్వామి గుడిలో చేతిలో దద్దోజనం పెడితే పక్కనున్న పిల్లాడికి ఇచ్చేశాను. ఇవ్వడంలో తప్పు లేదు. ఇచ్చేటప్పుడు లోపల కొంచెం గొప్పగా అనిపించింది, అదే సమస్య. సరిగ్గా అప్పుడే వీడియో స్క్రిప్టు రాస్తున్నా. గీత 17వ అధ్యాయం 10వ శ్లోకం నా చార్టుకి భలే సరిపోయిందనిపించింది. వండి చాలాసేపైనది, రసం పోయినది, వాసన వేసేది, నిలవది తామసులకు ఇష్టం అని ఉంది కదా. అలా ఆ మాట పడింది.

మా నానమ్మది శ్రీకాకుళం వైపు. ఇప్పుడు మాతోనే ఉంటుంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున్న కాస్త మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తింటుంది. పొలం పనికి వెళ్లిన రోజుల నుంచీ అంతే. వీడియో వచ్చిన రోజు మనవడి పని చూడమని ఫోన్ చేతికిచ్చా. మొత్తం చూసి "బాగుంది బాబూ" అంది. మర్నాటి నుంచి ఉప్మా తింటోంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. నాలుగు రోజులయ్యాక అమ్మ పిలిచి చెప్పింది, నానమ్మ దీపం పెట్టడం మానేసిందని. "డెబ్బయ్యేళ్లు తామసం తిన్న చెయ్యి కదేటి, నువ్వే పెట్టు" అందట.

ఆ రాత్రి 17వ అధ్యాయం మొదటి నుంచి చదివాను. స్క్రిప్టు రాసేటప్పుడు నేరుగా 8కి వెళ్లిపోయా. 5, 6 శ్లోకాలు చదివుంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి. దంభంతో, అహంకారంతో శరీరాన్ని, లోపలున్న తనని కూడా కష్టపెట్టే తపస్సు చేసేవాళ్ల గురించి కృష్ణుడు అక్కడ చెబుతాడు. వాళ్లది ఆసుర నిశ్చయం అంటాడు. ఆహారం మాట ఆ తర్వాతే వస్తుంది. పైగా 8 నుంచి 10 వరకు ఏ గుణం వాళ్లకి ఏది "ప్రియం" అన్నదే లెక్క. నాకు దేని మీద మనసు పోతోందో చూసుకోమని ఇచ్చిన అద్దాన్ని పక్కవాళ్ల కంచం వైపు తిప్పాను నేను.

ఇంకో సంగతి. పులిసినదంతా తామసం అన్నది అసలు శ్లోకంలోనే లేదు. ఆ శ్లోకానికి శంకరాచార్యుల భాష్యం చూస్తే "యాతయామం" అంటే సరిగ్గా ఉడకనిది, "పర్యుషితం" అంటే వండాక రాత్రి గడిచినది. ఇడ్లీ పిండి పచ్చిదే పులుస్తుంది, తర్వాత వేడిగా వండుతాం. కాబట్టి ఇడ్లీకి ఆ మాట తగలదు. మనుస్మృతి 5వ అధ్యాయం పులిసినవి వద్దంటూనే పెరుగుని, పెరుగుతో చేసినవాటిని మినహాయించింది. కంచి వరదరాజ స్వామికి మినప్పప్పు, బియ్యం పులియబెట్టి చేసిన ఇడ్లీ నైవేద్యం పెడతారు.

మరి సద్దన్నం? నిజాయితీగా చెప్పాలంటే "పర్యుషితం" మాట నుంచి అది తప్పించుకోలేదు. రాత్రి గడిచిన అన్నమే కదా. లాయర్‌లా వాదించి దాన్ని గెలిపించను. కానీ పూరీ జగన్నాథుడికి నీళ్లలో నానిన అన్నం, పఖాళ, భోగంలో ఉంది. పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలుర మధ్య కూర్చుని చద్దిముద్ద తింటాడు. యజ్ఞాల్లో హవిస్సు అందుకునేవాడు పిల్లలతో చద్ది తింటుంటే దేవతలు ఆశ్చర్యపోయి చూశారు. బ్రహ్మకి అనుమానం వచ్చి దూడల్ని, పిల్లల్ని దాచేశాడు. చివరికి క్షమించమని వేడుకున్నది చద్ది తిన్నవాళ్లు కాదు, బ్రహ్మే. తామసాహారం గురించి చెప్పిన నోరు, ఆ ముద్ద తిన్న నోరు ఒకటే. ఈ రెండింటినీ ఎలా కలపాలో పండితులు చెప్పాలి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసే హక్కు మాత్రం నాకు లేదు.

అలాగని ఏదైనా తినొచ్చు అనట్లేదు. అర్ధరాత్రి రెండుసార్లు వేడిచేసిన బిర్యానీ తిన్నాక మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో ఎలా ఉంటామో మనకి తెలుసు. తమస్సు అంటే ఏంటో అప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మొదటే వెళ్లాల్సింది. ఈస్ట్ అలర్జీ నిజంగా ఉన్నవాళ్లు ఉంటారు, అరుదు, వాళ్లు తప్పకుండా మానాలి. నాకు అది లేదు. ఇంటికొచ్చి చదివితే, ఒంట్లో ప్రతి ఇబ్బందికీ ఈస్టే కారణం అన్న ఆలోచన 1983లో అమెరికాలో విలియం క్రుక్ అనే డాక్టర్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైందని తెలిసింది. 1986లోనే అక్కడి అలర్జీ నిపుణుల సంఘం దానికి రుజువు లేదని తేల్చింది. ఇంకో తమాషా, పెరుగుని తోడుపెట్టేది బాక్టీరియా. ఇడ్లీ పిండిని పొంగించేదీ ముఖ్యంగా బాక్టీరియానే, దాంతోపాటు కొంత ఈస్ట్ ఉంటుంది. నా చార్టు అన్నింటినీ ఒకే గాటన కట్టేసింది. నేను దాని మీద గీత ముద్ర కూడా వేశాను.

బ్రెడ్డు, పిజ్జా మానాక ఉబ్బరం తగ్గిన మాట నిజం. అవి ఇప్పటికీ తినట్లేదు. ఎవరైనా పెడితే "నాకు పడదండీ" అంటున్నా. "అది మంచిది కాదు" అనడం మానేశా. మీలో ఎవరికైనా ప్రసాదం ఆరోగ్యానికి పడకపోతే కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇవ్వండి, స్వామి ఏమీ అనుకోడు.

వీడియోలో ఆ ముక్క కత్తిరించి మళ్లీ పెట్టాం. నానమ్మ పక్కన కూర్చుని, తెలియక రాశానని చెప్పి, కృష్ణుడి చద్ది కథ చదివి వినిపించా. "ఆ కథ నాకు తెల్దేటి, మా అయ్య చెప్పీవోడు" అంది. మర్నాడు దీపం తనే పెట్టింది. సద్దన్నం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. పళ్లు జివ్వుమంటున్నాయి అంటోంది. నిజమో, నా కోసం అంటోందో తెలీదు.

మొన్న ఆదివారం రాత్రి అన్నంలో నేనే నీళ్లు పోసి ఉంచాను. పొద్దున్న మజ్జిగ కలుపుకుని తన ముందే కూర్చుని తిన్నా. నా గిన్నెలోంచి ఒక్క ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. "ఉప్పు సాల్లేదు బాబూ" అంది.